నెల్లూరు గాలిలో తబలా శ్రుతి

నెల్లూరు జిల్లాలో తబలా వినని ఊరు దాదాపు ఉండదు. శ్రీరామనవమి పందిట్లో భజనకు అది ఉంటుంది. హరిశ్చంద్ర పద్యనాటకానికి ఉంటుంది. కసుమూరు, అనుమసముద్రంపేట దర్గాల దగ్గర ఖవ్వాలీ పాడినా ఉంటుంది. పెళ్లిలో పాటకచేరీ పెడితే సరేసరి. కానీ అదే ఊళ్లో త్యాగరాజ ఆరాధన జరిగితే వేదిక మీద తబలా కనిపించదు. అక్కడ మృదంగం కూర్చుంటుంది. శ్రోతలు మాత్రం చాలావరకు వాళ్లే.

కొన్నేళ్లుగా ఈ గీత కొంచెం కొంచెంగా చెరుగుతోంది. అన్నమాచార్య కీర్తనల కచేరీల్లో మృదంగం పక్కనే తబలా కూడా వినిపిస్తోంది. ఉత్తరాది, దక్షిణాది కళాకారులు కలిసి చేసే జుగల్‌బందీలకు జనం వస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌కు ఒకే రాత్రి మూడు గ్రామీ అవార్డులు వచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 15న ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశారు. ఆ తర్వాత పిల్లల్ని తబలాకు పంపుదామా అని అడిగే తల్లిదండ్రులు పెరిగారు. దాంతోపాటు పాత అనుమానం కూడా మళ్లీ తలెత్తుతోంది: తబలా శాస్త్రీయ వాద్యమేనా? అయితే మన కృతులకు ఎందుకు వాయించరు? జవాబు కావాలంటే ముందు ఆ వాద్యం లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

తబలా అంటే రెండు వాద్యాల జంట. కుడిచేతి కింద ఉండే చిన్నదాన్ని చెక్కతో తొలుస్తారు. అది దాయా. ఎడమచేతి కింద ఉండే పెద్దది సాధారణంగా రాగిదో ఇత్తడిదో. అది బాయా, డగ్గా అని కూడా అంటారు. రెండింటికీ మేకతోలు మూత. ఆ తోలు మీద నల్లటి గుండ్రని పూత (స్యాహీ) ఉంటుంది. దాయాకు అది నడిమధ్యలో, బాయాకు కొంచెం ఒక పక్కకు. మృదంగం అలా కాదు. ఒకే చెక్క దేహం, దానికి అటూ ఇటూ రెండు ముఖాలు. ఎడమ ముఖానికి కచేరీకి ముందు రవ్వ తడిపి పెట్టి, అయిపోయాక తీసేస్తారు. తబలా మీది నల్లపూత మాత్రం శాశ్వతం.

ఆ నల్లపూతలోనే అసలు విద్య ఉంది. బిగించిన తోలును కొడితే ఒక్క స్వరం రాదు, చాలా స్వరాలు ఒకేసారి వస్తాయి. మామూలు తోలులో అన్నిటికన్నా కింది స్వరపు కంపన సంఖ్య 1 అనుకుంటే, పై స్వరాలు 1.59, 2.14, 2.30, 2.65 రెట్లలో ఉంటాయి. ఇవి ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే డప్పు మోగితే మనకు ‘దెబ్బ’ వినిపిస్తుంది, స్వరం వినిపించదు. వీణ తీగ వేరు. దాని పై స్వరాలు 2, 3, 4, 5 రెట్లలో వరుసగా ఉంటాయి. చెవి వాటన్నిటినీ కలిపి ఒకే స్వరంగా అందుకుంటుంది.

తోలు మధ్యలో బరువు పెంచితే ఏమవుతుంది? ఆ పై స్వరాలు తమ చోటి నుంచి జరుగుతాయి. పూత మందం సరిగ్గా కుదిరితే అవి తీగ లెక్కకు, అంటే 1, 2, 3, 4, 5 వరుసకు, దగ్గరగా వచ్చి నిలుస్తాయి. దీన్ని కొలిచి చూపినవారు సి.వి. రామన్. 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. 1934లో మరింత వివరంగా రాశారు. కాంతి మీద పరిశోధనకు నోబెల్ అందుకున్న మనిషి మృదంగం, తబలా తోళ్ల మీద ఇసుక చల్లి చూశాడంటే చాలామంది నమ్మరు. మన తీరానికి ఆయన పరాయివాడు కూడా కాదు. తండ్రి విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకుడు కావడంతో బాల్యం అక్కడే గడిచింది. పేరు తెలియని వాద్యకారులు చెవినే కొలబద్దగా పెట్టుకుని తరాల పాటు దిద్దుకున్న పనికి రామన్ లెక్క కట్టారు.

కాబట్టి దాయా తాళవాద్యమే కాదు, శ్రుతి పలికే వాద్యం కూడా. గాయకుడి షడ్జానికి దాన్ని కలుపుతారు. షడ్జం కుదరకపోతే పంచమానికో మధ్యమానికో కలుపుతారు. ఇక్కడి నుంచే ఇబ్బందులు మొదలవుతాయి. శ్రుతి లేని వాద్యానికి శ్రుతి తప్పడమనే సమస్య ఉండదు. తబలాకు ఎప్పుడూ ఉంటుంది. నెల్లూరు లాంటి చోట ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది.

ఎందుకంటే తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో డబ్బా మూత తీసి వదిలేసిన అప్పడం ఎలా మెత్తబడుతుందో తోలూ అలాగే మెత్తబడుతుంది. మెత్తబడితే బిగువు తగ్గుతుంది, బిగువు తగ్గితే శ్రుతి దిగుతుంది. గాలి పొడిగా ఉంటే ఇదంతా తలకిందులవుతుంది. తోలు ఆరి బిగుసుకుంటుంది, శ్రుతి పైకి పోతుంది. నెల్లూరు నుంచి మైపాడు తీరం సుమారు 25 కిలోమీటర్లు. పగలంతా కాగిన నేల మీదికి సాయంత్రం సముద్రపు గాలి తేమను మోసుకొస్తుంది. కచేరీలు జరిగేదీ సాయంత్రమే. పైగా ఈ జిల్లాకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ వెంటనే పుష్యమాసం, ఆరాధనోత్సవాలు. సంగీతపు రోజులూ తడి రోజులూ ఇక్కడ ఇంచుమించు పక్కపక్కనే ఉంటాయి.

ఆరుబయట పందిరి అయితే పరిస్థితి కనీసం నిలకడగా ఉంటుంది. ఎంత తడి ఉందో అంత, దానికి తగ్గట్టు కలుపుకోవచ్చు. ఏసీ హాలు మరీ కష్టం. బయట కారులో గంటసేపు ఉక్కలో ఉన్న వాద్యాన్ని తెచ్చి చల్లటి పొడిగాలిలో పెడతారు. కలిపిన శ్రుతి అరగంటలో పైకి జరుగుతుంది. మళ్లీ దిద్దాలి. వేదిక మీది దీపాల వేడి ఒక పక్క, వాద్యకారుడికి చెమట పట్టకుండా పెట్టిన ఫ్యాను ఇంకో పక్క. ఫ్యాను గాలి తగిలినవైపు తోలు ముందుగా ఆరుతుంది. అప్పుడు మొత్తం శ్రుతి కాదు, ఒక పక్క శ్రుతి మాత్రమే తప్పుతుంది. చెవికి అదే ఎక్కువ బాధ.

దిద్దడం ఎలాగో చూద్దాం. మూత చుట్టూ అల్లిన తోలు దండ (గజరా) ఉంటుంది. దాని గుండా దిగిన తోలువారు వాద్యాన్ని చుట్టేసి ఉంటుంది. వారు కింద గుండ్రటి కర్ర దిమ్మెలు (గట్టాలు) దూర్చి ఉంటాయి. దిమ్మెను సుత్తితో కిందికి కొడితే వారు బిగుస్తుంది, శ్రుతి బాగా పెరుగుతుంది. ఇది మోటు సర్దుబాటు. సన్నపు సర్దుబాటుకు గజరా మీదే కొడతారు. పైనుంచి కొడితే శ్రుతి పెరుగుతుంది, కింది నుంచి పైకి తడితే తగ్గుతుంది. గజరా చుట్టూ పదహారు చోట్లు ఉంటాయి. ఒక చోట బిగించి ఎదుటి చోట వదిలేస్తే లాభం లేదు. అన్ని చోట్లా ఒకే స్వరం పలకాలి. కచేరీ మధ్యలో, గాయని ఆలాపన చేస్తుండగా, వాద్యకారుడు తలవంచి సుత్తితో చిన్నగా తడుతూ వేలితో మీటి చూసుకునేది ఇందుకే.

ఎంత బిగించినా దాయాకు ఒక హద్దు ఉంది. మూత వెడల్పు అయిదు అంగుళాల దగ్గర ఉంటే పై శ్రుతులకు పనికొస్తుంది. ఆరు అంగుళాల దగ్గర ఉంటే కింది శ్రుతులకు. ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుడికి వాడిన దాయాను అయిదున్నరలో పాడే గాయనికి లాగి బిగించలేం, వదులు చేయనూ లేం. వదులు చేస్తే మోత చచ్చిపోతుంది, మరీ లాగితే తోలు చిరుగుతుంది. అందుకే వాద్యకారుల దగ్గర రెండు మూడు దాయాలు ఉంటాయి. రెండూ విడివిడి వాద్యాలు కాబట్టి ఎడమదాన్ని అలాగే ఉంచి కుడిదాన్ని మార్చుకోవచ్చు. మృదంగ విద్వాంసుడికి ఈ వీలు లేదు. శ్రుతి మారితే మొత్తం వాద్యాన్నే మార్చాలి.

ఇక బాయా. దీనికి కచ్చితమైన స్వరం అక్కర్లేదు. దీని పని వేరు. కొట్టిన వెంటనే మణికట్టు దగ్గరి అరచేతి మడమతో తోలును నొక్కుతూ జరిపితే మోత కిందినుంచి పైకి సాగుతుంది. గొంతు గమకం వేసినట్టు వినిపిస్తుంది. తబలా మాట్లాడుతోందని జనం అనేది ఎక్కువగా దీన్ని చూసే. నల్లపూత ఒక పక్కకు ఉండటానికీ ఇదే కారణం. అరచేయి ఆనడానికి కాస్త ఖాళీ తోలు కావాలి.

ఆ పూత గురించి ఇంకొక్క మాట చెప్పాలి. లోహపు పొడిని, అన్నపు లేదా పిండి జిగురును కలిపి పొర మీద పొరగా వేస్తారు. ప్రతి పొరనూ రాయితో రుద్దుతారు. రుద్దే కొద్దీ పూతలో కంటికి ఆననంత సన్నటి పగుళ్ల వల ఏర్పడుతుంది. పగుళ్లు దోషం కావు. అవి లేకపోతే పూత బిళ్లలా గట్టిపడి తోలును కదలనివ్వదు. చెమట చేతులతో వాయించినా, తడి గాలిలో మూత పెట్టకుండా వదిలేసినా జిగురు మెత్తబడి పూత రేకులుగా లేస్తుంది. వాద్యకారుడు మాటిమాటికీ చేతికి పౌడరు రాసుకునేది అందుకే, అలంకారానికి కాదు.

ఇంతవరకు చెప్పింది వాద్యం సంగతి. అది కచేరీలో చేసే పని ఇంకో సంగతి. ‘కృతులకు తబలా ఎందుకు వాయించరు’ అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది.

కర్ణాటక కచేరీలో తాళం ఎవరి దగ్గర ఉంటుంది? గాయకుడి చేతిలో. ఆయన తొడ మీద దెబ్బ, వేళ్లు, విసురుతో లెక్క వేస్తుంటాడు. ముందు వరుసల్లో శ్రోతలూ వేస్తుంటారు. తాళం ఇలా అందరికీ కనిపిస్తోంది కనుక మృదంగానికి దాన్ని చెప్పే బాధ్యత లేదు. అది సాహిత్యం వెంట పోవచ్చు. పల్లవి ఎత్తుగడ సమానికి (తాళపు మొదటి దెబ్బకు) కాక ముప్పావు అక్షరం తర్వాత ఉంటే అక్కడే ఊపు ఇవ్వవచ్చు. సంగతి మారితే నడక మార్చవచ్చు. చరణంలో పూర్తిగా ఆగిపోనూ వచ్చు.

హిందుస్తానీ కచేరీలో గాయకుడు చేత్తో తాళం వేయడు. తాళాన్ని మోసేది తబలాయే. ప్రతి తాళానికీ ఒక స్థిరమైన జతుల వరుస (ఠేకా) ఉంటుంది. తీన్‌తాళ్ పదహారు మాత్రలు: ధా ధిన్ ధిన్ ధా, ధా ధిన్ ధిన్ ధా, ధా తిన్ తిన్ తా, తా ధిన్ ధిన్ ధా. మూడో భాగంలో ‘ధిన్’ పోయి ‘తిన్’ వచ్చింది చూడండి. అంటే బాయా మోత తగ్గిపోయింది. అది ఖాళీ. కళ్లు మూసుకుని పాడే గాయకుడికి ఆ మోత ఆగడమే గుర్తు: సగం ఆవర్తం (తాళపు చుట్టు) అయింది, ఇంకో ఎనిమిది మాత్రల్లో సమం వస్తుంది. విలంబిత ఏక్‌తాళ్‌లో ఒక్క ఆవర్తానికి నిమిషం దాకా పట్టవచ్చు. అంతసేపు ఠేకా నిలకడగా నడవాలి. చిన్న చిన్న అలంకారాలు చేయవచ్చు కానీ వరుస చెదరకూడదు. మొదటిసారి వినేవారికి తబలావాడు ఏమీ చేయడం లేదేమో అనిపిస్తుంది. నిజానికి కచేరీలో అంతకన్నా కష్టమైన పని లేదు.

కాబట్టి తేడా గొప్పతనంలో లేదు, ఉద్యోగంలో ఉంది. ఎత్తుగడలు, సంగతులు ఒక్కో మెట్టుగా పేర్చిన త్యాగరాజ కృతికి ఠేకా వేస్తే తాళం సరిపోతుంది. కానీ సాహిత్యం ఎక్కడ ఊపిరి తీస్తుందో ఆ చోట్లన్నీ చదునైపోతాయి. కృతికి మృదంగమే తగినదని నా అభిప్రాయం. అది అలవాటు కొద్దీ అన్న మాట కాదు. అయితే అన్నమాచార్య సంకీర్తనల్లో నేడు పాడుతున్న వరుసలు చాలావరకు ఇటీవలి కాలంలో కట్టినవి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టాక అవి ఇంటింటికీ చేరాయి. వాటిలో అనేకం పల్లవి తిరిగి తిరిగి వచ్చే సులువైన నడకలు. అక్కడ ఠేకా చక్కగా ఒదుగుతుంది. లలిత సంగీతానికీ అంతే. 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం ఆ రుచిని తీరమంతటికీ పంచింది.

తబలా మన నేలకు కొత్తదేమీ కాదు. 18వ శతాబ్దపు ఢిల్లీలో అది నేటి రూపానికి వచ్చింది. మృదంగం లాంటి ఉత్తరాది వాద్యం పఖవాజ్‌ను రెండు ముక్కలు చేసి అమీర్ ఖుస్రో సృష్టించాడన్న కథ వినడానికి బాగుంటుంది కానీ ఆధారం లేదు. 19వ శతాబ్దం చివర ధార్వాడ, పార్సీ నాటక సమాజాలు తెలుగు ఊళ్లు తిరిగినప్పుడు హార్మోనియంతో పాటు మన రంగస్థలం ఎక్కింది. పద్యానికి తాళం ఉండదు కనుక నటుడు రాగం తీస్తున్నంతసేపు తబలా కాచుకుని ఉంటుంది. ముగింపులో అందుకుంటుంది, పాటలో నడక పడుతుంది. ఆ తర్వాత సినిమా వచ్చింది. నెల్లూరుకు సుమారు 175 కిలోమీటర్ల దూరంలోని మద్రాసులో రికార్డయిన ఎన్నో పాటల్లో తబలా మోగింది. హరికథకుడు సాంబమూర్తి కొడుకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఈ ఊరి నుంచే అక్కడికి వెళ్లి ఆ పాటలు పాడాడు. శాస్త్రీయ బాణీకి తెలుగునాట పెద్ద దిక్కు హైదరాబాదు. ఉస్తాద్ షేక్ దావూద్ అక్కడే ఉండి, దేశంలోని పెద్ద గాయకులకు వాయించారు.

రెండు పద్ధతులూ ఒకే వేదిక మీద కలిస్తే ఏం జరుగుతుంది? జుగల్‌బందీల్లో ఆదితాళం, తీన్‌తాళ్ జంట తరచుగా వినిపిస్తుంది. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు. రెండు కళల్లో వేస్తే పదహారు. తీన్‌తాళ్ కూడా పదహారే. లెక్క కుదిరింది కదా అనుకుంటాం. కానీ తొమ్మిదో మాత్ర దగ్గర చూడండి. హిందుస్తానీవారికి అది ఖాళీ, చేత్తో లెక్కిస్తే చేయి విసిరే చోటు. ఆదితాళంలో సరిగ్గా అక్కడే ద్రుతం మొదలై దెబ్బ పడుతుంది. ఒకరికి బరువున్న చోట ఇంకొకరికి బరువు లేదు. అనుభవం ఉన్నవాళ్లు దీన్ని ముందే మాట్లాడుకుంటారు. తాళాల పేర్లను నమ్ముకున్నా చిక్కే. హిందుస్తానీ రూపక్ ఏడు మాత్రలు, మన రూపకం ఆరు అక్షరాలు. ఆ ఏడుకు మన మిశ్రచాపు దగ్గర.

ఇద్దరికీ పూర్తిగా పొత్తు కుదిరేది ముక్తాయింపులో. ఒక జతిని మూడుసార్లు చెప్పి మూడోసారి చివరి దెబ్బ సమం మీద పడేలా చేయడం రెండు పద్ధతుల్లోనూ ఉంది. హిందుస్తానీలో తిహాయీ అంటారు. అయిదు మాత్రల జతిని సమం నుంచి ఎత్తుకోండి. ఒక మాత్ర విడుపు, మళ్లీ అయిదు, మళ్లీ ఒక విడుపు, మళ్లీ అయిదు. మొత్తం పదిహేడు. పదిహేడోది అంటే తర్వాతి ఆవర్తపు సమమే. చప్పట్లు కొట్టేవాళ్లలో సగం మంది ఈ లెక్క తెలియకుండానే సరైన చోట కొడతారు. చెవికి ముందే తెలిసిపోతుంది.

ఈ పొత్తు కోసం పాతతరం చాలా శ్రమపడింది. తబలా విద్వాంసుడు అల్లా రఖా, మృదంగ విద్వాంసుడు పాలఘాట్ రఘు కలిసి వాయించారు. 1970లలో శక్తి అనే సంగీత బృందంలో జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్రం ఘటం జంట కట్టాయి. తర్వాత అదే పరంపరలోని రిమెంబర్ శక్తిలో మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ చేరారు. ఆ బృందం కచేరీలు వినండి. శ్రీనివాస్ గమకంతో స్వరాన్ని జార్చినప్పుడు తబలా ఠేకాను పక్కన పెట్టి బాయాతో అదే జారును పలికిస్తుంది. అంటే తబలా అక్కడ తన ఉద్యోగం మార్చుకుని మృదంగంలా వెంట నడిచింది. అలా మార్చుకోవాలంటే ఎదుటి పద్ధతిని ఏళ్ల తరబడి విని ఉండాలి. ఒక్క పూట రిహార్సల్‌తో పెట్టే ఫ్యూజన్ కచేరీల్లో అది జరగదు. అక్కడ వేగం, చప్పుడు, సవాల్–జవాబ్ మాత్రమే మిగులుతాయి.

పిల్లల్ని నేర్పించాలనుకునే తల్లిదండ్రులు దీన్నిబట్టే నిర్ణయించుకోవచ్చు. పిల్లవాడు కృతులు పాడేవారికి వాయించాలనుకుంటే మృదంగం నేర్పించండి. భజన, లలిత సంగీతం, గజల్, హిందుస్తానీ వైపు మనసుంటే తబలా. ఏది నేర్చినా మొదటి రెండేళ్లు నోటితో జతులు చెప్పించే గురువు దగ్గరే చేర్చండి. చెయ్యి మాత్రమే నేర్పేవారి దగ్గర వేగం వస్తుంది, తాళం రాదు.

కచేరీ పెట్టేవారికి ఒక విన్నపం. గాయకుడి శ్రుతి ఏదో వారం ముందే తబలా కళాకారుడికి చెప్పండి. వాద్యాన్ని గంట ముందు హాల్లోకి తెచ్చి, ఏసీ వేసి ఉంచండి. తోలు ఆ గాలికి అలవాటు పడుతుంది. ఫ్యాను మనిషికి తగిలేలా పెట్టండి, వాద్యానికి కాదు. కుడిదానికొకటి, ఎడమదానికొకటి మైకు ఇవ్వండి. బాయా మోతను స్పీకర్లలో పెంచి గుండెలదిరేలా చేయవద్దని సౌండు అబ్బాయికి గట్టిగా చెప్పండి. అలా పెంచితే అరచేతి జారులన్నీ ఆ గోలలో మునిగిపోతాయి. చివరగా, సుత్తి చప్పుడు వినపడగానే మైకు అందుకుని అతిథులను వేదిక మీదికి పిలవకండి. శ్రుతి కలిపే ఆ అయిదు నిమిషాలూ హాలు నిశ్శబ్దంగా ఉండేలా చూడండి.